రాజబాబు గారికి జరిగింది తలరాత కాదు

మేము కాన్‌బెర్రాలో హారిసన్‌లో ఉంటాం. కిందటి చలికాలం ఒక శనివారం రాత్రి మా ఇంట్లో నాలుగు కుటుంబాలు కలిశాం. బయట చలి సున్నాకి దిగిపోయింది. లోపల హీటరు, గుత్తి వంకాయ కూర, పులిహోర, చికెన్ వేపుడు. భోజనాలయ్యాక పిల్లలు టీవీలో యూట్యూబ్ పెట్టుకున్నారు. ఏదేదో నొక్కుతుంటే పాత నలుపు తెలుపు సినిమా ముక్క ఒకటి వచ్చింది. రాజబాబు, రమాప్రభ. మా పిల్లలకు తెలుగు సగమే అర్థమవుతుంది. అయినా ఆయన కళ్లు తిప్పడం, ఒళ్లంతా మెలికలు తిరగడం చూసి పడీ పడీ నవ్వారు.

మా అబ్బాయి అడిగాడు, "అమ్మా, ఈ అంకుల్ ఇప్పుడు ఏం చేస్తున్నారు?"

"లేరు నాన్నా. నేను పుట్టకముందే పోయారు. నలభైల్లోనే."

"ఏమైంది?"

నేను జవాబు చెప్పేలోపే, మా బ్యాచ్‌లో ఎప్పుడూ అందరినీ నవ్వించే తమ్ముడు ఒకతను చేతిలో గ్లాసు పైకెత్తి, "ఇదిగో, ఇదైంది. మనదీ అదే రూటు అక్కా, టికెట్ ముందే బుక్ చేసేసుకున్నా" అన్నాడు. అందరం నవ్వాం. నేనూ నవ్వాను.

అందరూ వెళ్లాక గిన్నెలు సర్దుతుంటే ఆ మాట మళ్లీ గుర్తొచ్చింది. ఈసారి నవ్వు రాలేదు. మా అబ్బాయి ప్రశ్నకు కూడా సరైన జవాబు చెప్పలేదనిపించింది. మా నాన్నగారు రాజబాబుకి వీరాభిమాని. ఆయన సంగతి వచ్చినప్పుడల్లా "మహానుభావుడు, తలరాత అలా ఉంది" అని ముగించేసేవారు. నేను బీఎస్సీ బయోకెమిస్ట్రీ చదివాను. ఉద్యోగం చేయకపోయినా, తలరాత అంటే సరిపెట్టుకోలేని బుద్ధి మాత్రం ఆ చదువు ఇచ్చింది. అందుకే ఆయన కథను మొదటి నుంచి ఒకసారి చూద్దామని ఇది రాస్తున్నాను.

రాజమండ్రి మాస్టారు

రాజబాబు గారి అసలు పేరు పుణ్యమూర్తుల అప్పలరాజు. రాజమండ్రి మనిషి. చిన్నప్పుడే బుర్రకథ నేర్చుకున్నారు. టీచర్ ట్రైనింగ్ చేసి కొన్నాళ్లు తెలుగు మాస్టారుగా కూడా పనిచేశారు. సాయంత్రాలు నాటకాలు. ప్రజానాట్యమండలి నుంచి వచ్చిన డాక్టర్ గరికపాటి రాజారావు గారు ఆయన నటన చూసి, సినిమాల్లోకి వెళ్లమని ప్రోత్సహించారు. 'పుట్టిల్లు' సినిమాతో జమునని పరిచయం చేసిన రాజారావు గారే.

1960లో మద్రాసు బండి ఎక్కారు. మొదటి సినిమా 'సమాజం' అదే ఏడాది వచ్చింది. కానీ ఒక్క సినిమాతో కడుపు నిండదు కదా. ఇళ్లకు వెళ్లి పిల్లలకు ప్రైవేట్లు చెప్పుకుంటూ వేషాల కోసం తిరిగారు. ఇక్కడికి వచ్చిన కొత్తలో మనలో ఎంతమంది డిగ్రీలు పక్కనపెట్టి, గిడ్డంగుల్లోనూ హోటళ్లలోనూ పనిచేస్తూ సరైన ఉద్యోగం కోసం ఎదురుచూశామో గుర్తు చేసుకుంటే ఆ రోజులు అర్థమవుతాయి. 1965లో వచ్చిన 'అంతస్తులు' ఆయన దశ తిప్పింది. దానికి అందిన 1300 రూపాయలే అప్పటికి ఆయన చూసిన పెద్ద మొత్తం అంటారు.

ఆ తర్వాత పదేళ్లూ ఆయనవే. రాజబాబు, రమాప్రభ జంట లేని సినిమా అంటే ఉప్పులేని పప్పు. హీరో ఎవరైనా కావచ్చు, పోస్టరులో రాజబాబు ఉన్నాడా లేడా అని చూసి టికెట్టు కొనే జనం ఉండేవారని మా నాన్నగారు చెప్పేవారు. 1970ల మొదట్లో దాసరి నారాయణరావు గారు తన మొదటి సినిమా 'తాతా మనవడు'లో ఆయనకు ఎస్.వి. రంగారావు గారితో సమానంగా నిలిచే ముఖ్యపాత్ర ఇచ్చారు. నవ్వించడమే కాదు, ఏడిపించడం కూడా వచ్చని ఆ సినిమాతో తేలింది.

ఆయన గురించి ఇంకొక సంగతి చెప్పాలి. అక్టోబరు 20 ఆయన పుట్టినరోజు. ఆ రోజు తనకు దండలు వేయించుకోకుండా, పాతతరం నటులను పిలిచి సత్కరించేవారు. మొదట సత్కరించింది బాలకృష్ణ గారిని. ఎన్టీఆర్ కొడుకు కాదండీ, 'పాతాళభైరవి'లో తోటరాముడి పక్కన ఉండే అంజి. రాజబాబుకి హాస్యంలో ఆయనే స్ఫూర్తి. ఆ తర్వాత డాక్టర్ శివరామకృష్ణయ్య, రేలంగి, సూర్యకాంతం, సావిత్రి లాంటి వాళ్లను సత్కరించారు. జనం మరిచిపోయిన నటులకు ఏమవుతుందో ఆయనకు బాగా తెలుసన్నమాట. రాజమండ్రిలో పారిశుద్ధ్య కార్మికులకు స్థలాలు, కోరుకొండలో జూనియర్ కాలేజీ, అడిగినవాళ్లకు లేదనకుండా ఇవ్వడం కూడా ఆ రోజుల్లోవే.

అంత తెలిసిన మనిషి, అంత ఇచ్చిన మనిషి, 1983 ఫిబ్రవరిలో యాభై నిండకుండానే పోయారు. అప్పటికే వేషాలు తగ్గాయి, ఆరోగ్యం చెడింది. తాగుడు సంగతి తోటి నటులు, పాత్రికేయులు దాచకుండానే చెప్పారు. కానీ తాగుడు ఈ కథలో ఒక భాగం మాత్రమే. మిగతా భాగాలు కూడా చూడాలి.

ఆ రోజుల్లో కమెడియన్ ఉద్యోగం

మొదటిది పని. అప్పటి తెలుగు సినిమాలో కామెడీకి విడిగా ఒక 'ట్రాక్' ఉండేది. హీరో హీరోయిన్ల కథ ఒక పక్క నడుస్తుంటే, కమెడియన్‌కి ఒక జోడీ, ఒక గొడవ, కుదిరితే ఒక పాట. ఆ ట్రాక్ తీయడానికి హీరో ఉండనక్కర్లేదు. కాబట్టి హిట్ కమెడియన్ ఒకే సమయంలో పది సినిమాల్లో పనిచేయవచ్చు. ఉదయం ఒక స్టూడియో, మధ్యాహ్నం ఇంకొకటి, రాత్రి మరొకటి. హీరోకి ఏడాదికి కొన్ని సినిమాలు, కమెడియన్‌కి డజన్ల కొద్దీ. రెండు దశాబ్దాల్లో రాజబాబు గారు వందల సినిమాలు చేశారంటే అలాగే.

దీనివల్ల డబ్బు వస్తుంది, నిద్ర పోతుంది. రోజుకు మూడు చోట్ల నవ్వించాలి. ఒంట్లో బాగాలేకపోయినా, ఇంట్లో గొడవైనా, కెమెరా ముందు ఒకే హుషారు. రాత్రి పదకొండింటికి స్టూడియో నుంచి వచ్చిన మనిషి ఒళ్లు వెంటనే చల్లబడదు. ఆ హుషారు దిగడానికి ఒక పెగ్గు, మర్నాడు ఆరింటికి లేవాలంటే త్వరగా నిద్ర పట్టడానికి ఇంకొకటి. నైట్ షిఫ్టులు చేసేవాళ్లు మన ఇళ్లలోనూ ఉన్నారు. ఈ లెక్క వాళ్లకు చెప్పక్కర్లేదు.

ఇంకొక విచిత్రం, మద్రాసు రాష్ట్రంలో 1971 దాకా మద్యనిషేధం ఉండేది. తర్వాత ఎత్తేశారు, కొన్నేళ్లకు మళ్లీ పెట్టారు. అయినా పేరూ డబ్బూ ఉన్నవాళ్ల ఇంటికి మందు చేరకుండా ఏ చట్టమూ ఆపలేదు.

రెండోది డబ్బు. కమెడియన్ జీతగాడు కాదు. పీఎఫ్ లేదు, పెన్షన్ లేదు, ఇక్కడ మనకున్న సూపర్ లాంటిదేమీ లేదు. అడ్వాన్సు చేతికి వస్తుంది, మిగతాది విడతలుగా. చివరి విడత సినిమా ఆడితేనే వస్తుంది, ఒక్కోసారి అప్పుడూ రాదు. సంపాదన ఎక్కువగా ఉన్న పదేళ్లలోనే తర్వాతి ముప్పై ఏళ్లకూ దాచుకోవాలి. కానీ ఆ పదేళ్లే ఇంటి చుట్టూ జనం ఉండే పదేళ్లు. బంధువులు, ఊరివాళ్లు, సాయం అడిగేవాళ్లు, సాయంత్రం గ్లాసు పట్టుకుని కూర్చునేవాళ్లు.

మూడోది సొంత సినిమా. పేరు వచ్చిన ప్రతి కమెడియన్‌కీ ఒక రోజు, "నన్ను చూడ్డానికే జనం వస్తున్నారు కదా, లాభం వేరేవాళ్లకు ఎందుకు?" అనిపిస్తుంది. రాజబాబు గారు కూడా సొంత సంస్థ పెట్టి సినిమాలు తీశారు. 'ఎవరికివారే యమునాతీరే' (1974), 'మనిషి రోడ్డున పడ్డాడు' (1976). ఈ పేర్లు ఇప్పుడు చదువుతుంటే మనసు చివుక్కుమంటుంది. అప్పట్లో సినిమా తీయడమంటే వడ్డీకి తెచ్చి, పంపిణీదారుల దగ్గర అడ్వాన్సులు తీసుకుని తీయడం. విడుదల ఒక నెల ఆగితే ఒక నెల వడ్డీ పెరుగుతుంది. నటుడిగా ఓ సినిమా పోతే పేరు కొంచెం తగ్గుతుంది. నిర్మాతగా పోతే ఇల్లు పోతుంది.

నాలుగోది గాలి మారడం. 1970ల చివరికి కామెడీ ట్రాక్ పలచబడింది. హీరోలే కామెడీ చేయడం మొదలుపెట్టారు. రావు గోపాలరావు, అల్లు రామలింగయ్య గార్ల లాంటి విలన్ జంటలోనే నవ్వు కలిసిపోయింది. పరిశ్రమ మద్రాసు నుంచి హైదరాబాదుకు మెల్లగా కదులుతోంది. 1980ల్లో జంధ్యాల గారు వచ్చి, విడిగా ట్రాక్ లేకుండా సినిమా మొత్తం హాస్యంగా తీశారు. కొత్త ముఖాలు వచ్చాయి. రాజబాబు గారి ప్రతిభ ఎక్కడికీ పోలేదు. ఆయన పనిచేసే గది తలుపే మూసుకుపోయింది.

ఇప్పుడు ఈ నాలుగూ కలిపి చూడండి. నిద్రలేని పదేళ్లు, ఆదా లేని సంపాదన, వడ్డీలు, తలుపు మూసుకోవడం. వీటన్నిటి పక్కనా రోజూ ఒక గ్లాసు. ఇందులో ఎక్కడా తలరాత అక్కర్లేదు.

ఆయన మొదటివారూ కాదు, చివరివారూ కాదు

తెలుగులో మొదటి స్టార్ కమెడియన్ కస్తూరి శివరావు గారు. 1949లో కె.వి. రెడ్డి గారి 'గుణసుందరి కథ'లో దైవాధీనం పాత్రతో తెలుగునాడంతా ఊగిపోయింది. ఆ ఊపులోనే 1950లో 'పరమానందయ్య శిష్యులు' స్వయంగా తీశారు. పెద్ద బ్యూక్ కారులో తిరిగిన ఆ మనిషి చివరి రోజుల్లో పేదరికంలో ఉన్నారని, 1966లో పోయేనాటికి పరిశ్రమ ఆయన్ను దాదాపు మరిచిపోయిందని పాత సినిమావాళ్లు చెబుతారు.

పద్మనాభం గారిది ఇంకో దారి. కడప జిల్లా సింహాద్రిపురం నుంచి చిన్నవయసులోనే మద్రాసు వెళ్లి, 'పాతాళభైరవి'లో నేపాళ మాంత్రికుడి శిష్యుడు సదాజపుడిగా ఇంటింటికీ తెలిశారు. రేఖా అండ్ మురళి ఆర్ట్స్ పెట్టి 'దేవత' (1965), 'పొట్టి ప్లీడరు' (1966) తీశారు. 'శ్రీశ్రీశ్రీ మర్యాదరామన్న'తో ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం గారిని గాయకుడిగా పరిచయం చేసింది కూడా ఈ సంస్థే. బాలు గారి గొంతును మనకు ఇచ్చిన మనిషి, తర్వాత తీసిన సినిమాలతో అప్పుల్లో పడి, సంపాదించింది చాలావరకు పోగొట్టుకున్నారు. 2010 దాకా జీవించారు గానీ, పాత వైభవం తిరిగి రాలేదు.

మరి నిలబడ్డవాళ్లు? వాళ్లూ ఉన్నారు. రేలంగి గారు తాడేపల్లిగూడెంలో సినిమా హాలు కట్టుకున్నారు. వేషాలు తగ్గినా హాలు నడుస్తుంది. అల్లు రామలింగయ్య గారు హోమియో వైద్యం ఎప్పుడూ వదల్లేదు. 1970ల్లో గీతా ఆర్ట్స్ మొదలైంది, సినిమాల నిర్మాణం ఇంటిపని అయింది. 2004లో ఎనభై దాటాక పోయారు. ప్రతిభలో వీళ్లకూ రాజబాబుకూ తేడా లేదు. వీళ్లకు నవ్వించడం కాకుండా ఇంకొక కాలు కూడా నేల మీద ఉంది, అంతే.

ఇక గ్లాసు సంగతి

ఇది నేను చదువుకున్న విషయం కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను.

మనం తాగిన ఆల్కహాల్‌ని చాలావరకు లివరే విరగ్గొట్టాలి. ముందు అది ఎసిటాల్డిహైడ్ అనే విషపదార్థంగా మారుతుంది, తర్వాత హాని లేని ఎసిటేట్‌గా. గంటకు ఇంతే అని లివర్‌కు ఒక వేగం ఉంటుంది. మజ్జిగ తాగినా, నిమ్మరసం తాగినా, చన్నీళ్ల స్నానం చేసినా ఆ వేగం పెరగదు. రోజూ ఎక్కువ పని పెడితే ముందు లివర్‌లో కొవ్వు చేరుతుంది, తర్వాత వాపు, తర్వాత మచ్చలు పడి గట్టిపడటం. ఆ చివరిదే సిరోసిస్. మొదటి దశలో తాగడం ఆపితే లివర్ చాలావరకు కోలుకుంటుంది. మోసం ఎక్కడంటే, లివర్ లోపల నొప్పి తెలియదు. కామెర్లు, పొట్టలో నీరు కనిపించేసరికి చాలా దూరం వెళ్లిపోయి ఉంటుంది.

మన పార్టీల్లో ఒక మెచ్చుకోలు ఉంది. "వాడు ఎంత తాగినా స్టడీగా ఉంటాడ్రా." దయచేసి దాన్ని మెచ్చుకోలుగా తీసుకోకండి. మెదడు మందుకు అలవాటుపడి, అదే నిషాకి ఇంకా ఎక్కువ అడుగుతోందని అర్థం. మెదడు అలవాటుపడినా లివర్ అలవాటుపడదు.

నిద్ర గురించి కూడా. మందు త్వరగా నిద్రపుచ్చుతుంది, నిజమే. కానీ అర్ధరాత్రి దాటాక ఆ నిద్రను ముక్కలు చేస్తుంది. పొద్దున దిగులుగా, చిరాకుగా ఉంటుంది. ఆ దిగులుకు మళ్లీ సాయంత్రం మందు. దిగులు వల్ల తాగుతున్నాడా, తాగడం వల్ల దిగులా అన్నది కొన్నాళ్లకు అతనికే తెలియదు.

ఇప్పుడు లెక్క. ఆస్ట్రేలియాలో ఒక స్టాండర్డ్ డ్రింక్ అంటే 10 గ్రాముల ఆల్కహాల్. ఆరోగ్యవంతులైన పెద్దవాళ్లు వారానికి 10కి మించకూడదని, ఏ ఒక్క రోజూ 4కి మించకూడదని 2020లో ఇక్కడి జాతీయ ఆరోగ్య మండలి చెప్పింది. మన కొలతల్లో చూస్తే 30 మిల్లీల చిన్న పెగ్గు విస్కీ ఇంచుమించు ఒక స్టాండర్డ్ డ్రింక్. 60 మిల్లీల లార్జ్ రెండు. మనవాళ్లు క్వార్టర్ అనే 180 మిల్లీలు ఆరు. అంటే "రోజూ కాదండీ, శుక్ర శనివారాలు ఒక్కో క్వార్టర్ మాత్రమే" అన్నా 12 అయింది, వారం హద్దూ దాటింది, రోజు హద్దూ దాటింది. ఇది నేను లెక్క వేసి మా ఆయనకు చూపిస్తే ఆయన మూడు నిమిషాలు మాట్లాడలేదు. తర్వాత, "మనింట్లో పోసే కొలతలు ఇంకా పెద్దవి" అన్నారు.

ఇంకొక ముఖ్యమైన విషయం. రోజూ బాగా తాగే మనిషిని "ఈ రోజు నుంచి మానెయ్" అని ఒట్టు వేయించకండి. మెదడు మందుకు సర్దుకుని ఉంటుంది కాబట్టి, ఒక్కసారిగా ఆపితే వణుకు, చెమటలు, లేనివి కనిపించడం, ఫిట్స్ రావచ్చు. ప్రాణం మీదకే రావచ్చు. డాక్టరు చేతిలో పెట్టి, మందులతో మెల్లగా ఆపించాలి. అలాగే "మాల వేసుకున్న 41 రోజులూ ముట్టడు, కాబట్టి అది వ్యసనం కాదు" అనే మాట మా ఇళ్లలో చాలాసార్లు విన్నాను. 41 రోజులు ఆపగలగడం గొప్పే. 42వ రోజు ఏమవుతుందన్నదే అసలు ప్రశ్న.

రాజబాబు గారి కాలంలో ఇవన్నీ మనవాళ్లకు చెప్పేవారు తక్కువ. తాగుడంటే గుణం చెడటమే గానీ, వైద్యం ఉన్న జబ్బని అనుకునేవారు కాదు. మనకు ఆ సాకు లేదు.

నవ్వించేవాడిని అడిగేదెవరు?

ఇది మన తెలుగువాళ్లకే జరిగిందని కాదు. బ్రిటన్‌లో 1950ల్లో రేడియోలో, ఆ తర్వాత టీవీలో దేశమంతటినీ నవ్వించిన టోనీ హాన్‌కాక్ అనే కమెడియన్ ఉండేవాడు. తాగుడు, దిగులు, తనకు రాసిపెట్టేవాళ్లతో తెగతెంపులు. పోయిన పేరు తిరిగి తెచ్చుకుందామని ఇక్కడ ఆస్ట్రేలియాలో ఒక టీవీ సీరీస్ చేయడానికి వచ్చాడు. 1968 జూన్‌లో సిడ్నీలో ఒంటరిగా ప్రాణం తీసుకున్నాడు. వయసు 44.

రాజబాబు గారి కథ, హాన్‌కాక్ కథ వెంటవెంటనే చదివాక నాకు ఒకటి అర్థమైంది. నవ్వించే మనిషి బాధను కూడా జోకుగానే చెబుతాడు. అతనికి వచ్చిన భాష అదే. వినేవాళ్లం అది జోకు అనుకుంటాం, ఎందుకంటే అతని నుంచి మనకు కావలసింది అదే. ఆ శనివారం రాత్రి మా ఇంట్లో జరిగింది ఇదే.

మా ఆయనతో చెప్పాను. "వాడా? వాడికేం, హ్యాపీగా ఉంటాడు" అన్నారు. తర్వాత కాసేపు ఆలోచించి, "ఈ మధ్య ట్రామ్‌లో కనిపించట్లేదు" అన్నారు. వాళ్లిద్దరూ ఫ్లెమింగ్టన్ రోడ్డు మీద ఒకే స్టాప్‌లో ఎక్కి సిటీకి వెళ్లేవారు. మర్నాడు ఆదివారం మా ఆయన వాళ్లింటికి వెళ్లారు. మామూలుగా నలుగురు కలిసి వెళ్తారు, ఈసారి ఒక్కరే. చేతిలో సీసా తీసుకెళ్లలేదు. నేను పెట్టిన పెసరట్టు పిండి డబ్బా తీసుకెళ్లారు.

మొదటి అరగంటా అన్నీ జోకులేనట. మా ఆయన నవ్వకుండా కూర్చున్నారట. చివరికి బయటపడింది. మూడు నెలల క్రితం కాంట్రాక్టు అయిపోయింది. కొత్తది దొరకలేదు. ఇంటి లోన్ నడుస్తోంది. ఇండియాలో అమ్మానాన్నలకు చెప్పలేదు. పొద్దున తయారై బయటకు వెళ్లడం, లైబ్రరీలో కూర్చోవడం, సాయంత్రం రావడం. రాత్రి పిల్లలు పడుకున్నాక గరాజ్‌లో ఒక్కడూ. వాళ్లావిడకు సగం తెలుసు, సగం తెలియదు. "పార్టీల్లో నవ్వించకపోతే అందరికీ తెలిసిపోతుందన్నా" అన్నాడట.

మేము చేసింది పెద్దదేమీ కాదు. మా ఆయన అతనితో పాటు జీపీ దగ్గరికి వెళ్లారు. జీపీ రక్తపరీక్షలు రాశారు, లివర్ స్కాన్ రాశారు, కౌన్సిలింగ్ కోసం మెంటల్ హెల్త్ ట్రీట్‌మెంట్ ప్లాన్ రాసి ఇచ్చారు. దానితో ఏడాదికి 10 సెషన్ల దాకా మెడికేర్ నుంచి కొంత డబ్బు వెనక్కి వస్తుంది. ఇవి చాలామందికి తెలియదు కాబట్టి రాస్తున్నాను. మద్యం గురించి మాట్లాడటానికి 1800 250 015. మనసు మరీ బాగాలేనప్పుడు రాత్రయినా పగలైనా లైఫ్‌లైన్ 13 11 14. తెలుగులో అయితేనే మాట్లాడగలమనుకుంటే 131 450కి చేసి దుబాసీని అడగవచ్చు. మీరు వేరే దేశంలో ఉంటే అక్కడా ఇలాంటివి ఉంటాయి, ఈ రోజే నంబరు వెతికి ఫోన్‌లో పెట్టుకోండి.

ఆ తమ్ముడు ఇప్పుడెలా ఉన్నాడంటే, కొంచెం నయం. మధ్యలో ఒకసారి మళ్లీ జారాడు, మళ్లీ వెళ్లాడు. ఉద్యోగం ఇంకా వెతుకుతున్నాడు. ఇది రాస్తానని అడిగితే, "పేరు వేయకు అక్కా, కానీ రాయి. జోకు ఒకటి ఉండేలా చూడు" అన్నాడు. అతని మాట తీసుకునే రాశాను. జోకు రాయడం నాకు చేతకాలేదు.

మా ఇంట్లో ఒకటి మార్చుకున్నాం. పార్టీలో అతన్ని "ఏదో ఒకటి వెయ్యి, నవ్వించు" అని అడగడం మానేశాం. నవ్విస్తే నవ్వుతాం. ఊరికే కూర్చుంటే పక్కన కూర్చుంటాం. గ్లాసు ఖాళీ అయితే అడగకుండా నింపే అలవాటు కూడా మానేశాం. రాజబాబు గారు తన పుట్టినరోజున అంజిని పిలిచి పక్కన కూర్చోబెట్టుకున్నారు. ఆయన పక్కన అలా ఎవరు కూర్చున్నారో నాకు తెలియదు.

మీ బ్యాచ్‌లో కూడా ఒకతను ఉంటాడు. అతను వచ్చేదాకా పార్టీ మొదలవ్వదు, వాట్సాప్ గ్రూపులో అందరికన్నా ముందు అతనిదే మెసేజ్. ఈ వారం అతనికి ఒక ఫోన్ చేయండి. గ్రూప్ కాల్ కాదు, మీరొక్కరే. "ఎలా ఉన్నావు?" అని అడగండి. అతను జోకు వేస్తాడు. నవ్వేసి పెట్టేయకండి, ఇంకోసారి అడగండి.

మా అబ్బాయికి మొన్న ఇదంతా, వాడికి అర్థమయ్యే మేరకు చెప్పాను. విని, "అయితే ఆయనకి ఎవరూ హెల్ప్ చేయలేదా?" అన్నాడు. "ఆయనే అందరికీ చేశారు నాన్నా" అన్నాను. కాసేపు ఊరుకుని, మళ్లీ ఆ వీడియో పెట్టాడు. ఈసారి కూడా నవ్వాడు. నేనూ పక్కన కూర్చుని చూశాను.